మూలకథ చెప్పకుండా వదిలిన చోట: ఫ్యాన్ ఫిక్షన్ ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది

1893 డిసెంబరులో ఆర్థర్ కోనన్ డాయిల్ తన డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్‌ను స్విట్జర్లాండ్‌లోని రైకెన్‌బాక్ జలపాతం దగ్గర చంపేశాడు. పాఠకులు గోలపెట్టినా చాలాకాలం లొంగలేదు. పదేళ్లకు, 1903లో, హోమ్స్ బతికే ఉన్నాడంటూ మళ్లీ కథ రాశాడు. కథాకాలం ప్రకారం హోమ్స్ మాయమైంది మూడేళ్లు. ఆ మూడేళ్లూ ఎక్కడున్నాడో తన స్నేహితుడు, ఈ కథలు మనకు చెప్పే డాక్టర్ వాట్సన్‌కు అతను చెప్పుకున్నది కొద్ది వాక్యాలే. సిగర్సన్ అనే నార్వే దేశస్థుడి పేరుతో రెండేళ్లు టిబెట్‌లో తిరిగాడు, లాసా చూశాడు, పర్షియా దాటి మక్కా వెళ్లాడు, ఖార్టూమ్‌లో ఖలీఫాను కలిశాడు, ఫ్రాన్స్‌లోని మాంట్‌పెల్యేలో తారు రసాయనాల మీద పరిశోధన చేశాడు. ఈ నాలుగు ముక్కల మీద నూరేళ్లకు పైగా కథలు వస్తూనే ఉన్నాయి. లాసాలో హోమ్స్, ఖార్టూమ్‌లో హోమ్స్, అసలు టిబెట్ వెళ్లనే లేని హోమ్స్. ఆ మూడేళ్లనీ డాయిల్ మూడు వందల పేజీల్లో వివరంగా రాసిపెట్టి ఉంటే వీటిలో చాలా భాగం పుట్టేవి కావు.

ఇలా ఒకరి కథలోని పాత్రలను, లోకాన్ని తీసుకుని అభిమానులు రాసే కథలనే ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. ఇవి ఎందుకు రాస్తారని అడిగితే అందరూ చెప్పే జవాబు అభిమానం. అది నిజమే గానీ సగం నిజం. పూర్తిగా తృప్తిపడ్డ పాఠకుడు పుస్తకం మెచ్చుకుంటాడు, మళ్లీ చదువుతాడు, నలుగురికీ చెబుతాడు. కలం పట్టడు. కలం పట్టించేది ప్రేమకు తోడైన అసంతృప్తి. ఇంత ఇష్టమైన కథలో ఈ ఒక్కచోట ఏదో మిగిలిపోయిందే, ఈ మనిషి ఇక్కడ ఇంకేదో అనుకొని ఉండాలే అన్న వెలితి. ప్రేమ లేకపోతే ఆ వెలితి పట్టదు. వెలితి లేకపోతే ప్రేమ మెచ్చుకోలుగానే ఆగిపోతుంది. రెండూ కలిసినప్పుడు కథ మొదలవుతుంది.

హోమ్స్ తిరిగొచ్చిన ఘట్టమే చూడండి. చచ్చిపోయాడనుకున్న స్నేహితుడు కళ్లముందు నిలబడగానే వాట్సన్ జీవితంలో మొట్టమొదటిసారి మూర్ఛపోతాడు. తేరుకుంటాడు. హోమ్స్ జరిగినదంతా చెబుతాడు. ఆ రాత్రే ఇద్దరూ కలిసి శత్రువు కోసం కాపుకాస్తారు. మధ్యలో వాట్సన్‌కు కోపం వచ్చిన జాడ లేదు. మూడేళ్ల దుఃఖానికి లెక్క అడిగినట్టు లేదు. ఆ మధ్యకాలంలో అతనికి సొంత వియోగం ఒకటి జరిగిందని ఒక్క ముక్కలో తేలిపోతుంది. పాఠకులు దాన్ని భార్య మరణంగా అర్థం చేసుకుంటారు. డాయిల్‌కు కావలసింది కొత్త కేసు, అందుకే ఆగలేదు. ఫ్యాన్ ఫిక్షన్ రాసేవాళ్లు సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. ఇతనికి కోపం రాలేదా? వస్తే ఏం చేశాడు?

మూలకథ మిగిల్చే ఖాళీలన్నీ ఒక రకం కాదు. టిబెట్ లాంటిది సంఘటనల ఖాళీ. వాట్సన్ కోపం మనసులోని ఖాళీ. రచయిత పొరపాటు వల్ల ఏర్పడేవి మరికొన్ని. వాట్సన్‌కు యుద్ధంలో తగిలిన తూటా 1887 నాటి నవలలో భుజంలో ఉంటే, 1890 నాటి నవలలో కాలికి దిగిపోతుంది. విమర్శకుడు దాన్ని అజాగ్రత్త అంటాడు. అభిమాని మాత్రం రెండు గాయాలున్నాయనుకుంటే ఎలా ఉంటుంది, ఒకదాని గురించి వాట్సన్ ఎందుకు దాచాడు అని ఆలోచన మొదలుపెడతాడు. ఇక అన్నిటికన్నా లోతైనది, మూలకథ పట్టించుకోని మనిషి. 1847లో వచ్చిన ‘జేన్ ఐర్’ నవలలో నాయకుడు అటకగదిలో బంధించిన తన భార్య బెర్తా అరుపులే తప్ప ఆమె మాట వినబడదు. కరీబియన్‌లో పుట్టి పెరిగిన జీన్ రీస్ 1966లో బెర్తా బాల్యం నుంచి మొదలుపెట్టి ఒక నవల రాసింది. అది చదివాక మూలనవలను మునుపటిలా చదవడం కష్టం.

తెలుగు పాఠకులకు ఈ పని బాగా ఎరుకే. మార్కండేయ పురాణంలోని ఒక ఉపాఖ్యానాన్ని తీసుకుని పెద్దన ఆరు ఆశ్వాసాల ప్రబంధం అల్లాడు. వరూధిని మనసులో ఏం జరుగుతోందన్నది పురాణానికి దారిలో తగిలిన విషయం, పెద్దనకు అదే అసలు విషయం. వ్యాస భారతంలో శశిరేఖ అనే అమ్మాయే లేదు. ఆమె పెళ్లికథ జనం నోళ్లలో, నాటకాల్లో పెరిగి 1957లో ‘మాయాబజార్’ అయింది. శశిరేఖ లేని భారతం ఒకటుందంటే ఆశ్చర్యపోయేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు. వీటిని తీసుకొచ్చి ఫ్యాన్ ఫిక్షన్ గంపలో వేయడం సరికాదు. వీటి సంప్రదాయం వేరు, రాసినవాళ్ల స్థానం వేరు. అయినా చేతిపని మాత్రం చాలా దగ్గరిది. అందరికీ తెలిసిన కథలో ఎవరూ నిలబడని చోట నిలబడి చూడటం.

ఆలోచన తట్టాక జరిగే మొదటి పని రాయడం కాదు, మళ్లీ చదవడం. మామూలుగా చదవడం కాదు, సాక్ష్యం కోసం వెతకడం. వాట్సన్ కోపం గురించి రాయాలనుకునేవాళ్లు ఆ కథను పేరా పేరాగా పరిశీలిస్తారు. హోమ్స్ బతికున్న సంగతి అతని అన్న మైక్రాఫ్ట్‌కు తెలుసు, అతనే డబ్బు పంపాడు, బేకర్ వీధిలోని హోమ్స్ గదులను ఉన్నవి ఉన్నట్టు కాపాడాడు. వాట్సన్‌కు ఉత్తరం రాద్దామని చాలాసార్లు కలం తీసి, ఆ ఆప్యాయతలో అతను నోరుజారతాడేమోనని మానుకున్నట్టు హోమ్స్ చెబుతాడు. అంటే అన్నను నమ్మాడు, స్నేహితుణ్ణి నమ్మలేదు. కోపానికి అసలు కారణం అక్కడ దొరుకుతుంది, అదీ మూలంలోనే. ఇంకొంచెం ముందుకెళితే అంతకన్నా విలువైనది దొరుకుతుంది. తర్వాతి కథలో వాట్సన్ తన వైద్యశాలను వెర్నర్ అనే యువ డాక్టరుకు అమ్మి బేకర్ వీధికి వచ్చేస్తాడు. అడిగిన ధర మారుమాట లేకుండా ఇచ్చిన ఆ వెర్నర్ హోమ్స్‌కు దూరపు చుట్టమనీ, ఆ డబ్బు సర్దింది హోమ్సేననీ కొన్నేళ్ల తర్వాత గాని అతనికి తెలియదు. డాయిల్ దీన్ని రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు వెళ్లిపోయాడు. వెతుకుతున్న కంటికి మాత్రం అది నోరు విప్పి అడగలేని మనిషి అడిగిన క్షమాపణ. దానిమీద ఒక మంచి కథ నిలబడుతుంది.

ఫ్యాన్ ఫిక్షన్ గురించి జరిగే చర్చల్లో అన్నిటికన్నా తక్కువగా గుర్తించేది ఈ దశనే. బయటినుంచి చూసేవాళ్లకు ఇది అరువు తెచ్చుకున్న ఊహలా కనిపిస్తుంది. నిజానికి ఇందులో సగానికి పైగా శ్రమ చదవడంలోనే ఉంది. సాహిత్య విద్యార్థి వ్యాసం కోసం చేసే పనిని వీళ్లు ఎవరూ అడగకుండా, మార్కులు లేకుండా చేస్తారు. కాలక్రమాలు రాసుకుంటారు, ఏ పాత్ర ఎవరిని ఏ పేరుతో పిలుస్తుందో జాబితా చేసుకుంటారు, ఒక సైగ ఎన్నిచోట్ల వచ్చిందో వెతుకుతారు. టీవీ సీరియల్ అయితే ఒకే సన్నివేశాన్ని ఆపి ఆపి చూస్తారు. నటుడు మాట్లాడకుండా కళ్లు తిప్పుకున్న ఒక్క క్షణం మీద కథ మొత్తం కట్టినవాళ్లు ఉన్నారు.

తర్వాత వచ్చే కష్టం గొంతు. పాత్ర పేరు తీసేసినా ఆ మాట ఎవరిదో పాఠకుడు పట్టేయగలగాలి. వాట్సన్ తన కథలు తనే చెప్పుకుంటాడు. మర్యాదస్తుడు, పత్రికలో అచ్చవుతుందని తెలిసి రాసేవాడు. అలాంటివాడి చేత గట్టిగా అరిపించి, వస్తువులు విసిరించి, పేజీల కొద్దీ నిందలు మాట్లాడిస్తే అది వాట్సన్ కోపం కాదు, రాసినవాళ్ల కోపం. అతని కోపం అతని పద్ధతిలోనే రావాలి. ఇక్కడ అనుభవం ఉన్న రచయితలు రూపాన్ని మార్చి దారి వెతుక్కుంటారు. అచ్చుకు పంపని చిత్తుప్రతి, కొట్టేసిన వాక్యాలున్న డైరీ, రాసి పంపని ఉత్తరం. మూలం ఇందుకు తలుపు తెరిచే ఉంచింది. బయటపెట్టని కేసుల కాగితాలున్న తన రేకుపెట్టె చేరింగ్ క్రాస్‌లోని ఒక బ్యాంకులో ఉందని 1922 నాటి కథలో వాట్సనే చెబుతాడు. ఆ పెట్టెలో దొరికాయంటూ మొదలైన కథలకు లెక్కలేదు.

మూలకథలో ఎంత మార్చాలి అన్నదాని మీద అభిరుచులు వేరుగా ఉంటాయి. 1992లో వెలువడిన ఒక అధ్యయనంలో హెన్రీ జెంకిన్స్ అనే మీడియా పరిశోధకుడు, అభిమానులు మూలాన్ని తిరగరాసే పద్ధతులు పదింటిని గుర్తించాడు. తప్పిపోయిన సన్నివేశాన్ని పూరించడం, కథాకాలాన్ని ముందుకో వెనక్కో జరపడం, చిన్న పాత్రను నడిమధ్యకు తేవడం, విలన్ వైపు నుంచి చూడటం, రెండు కథాప్రపంచాలను కలపడం లాంటివి అందులో ఉన్నాయి. పాత్రలను పూర్తిగా వేరే లోకంలో, వేరే వృత్తుల్లో పెట్టే ప్రత్యామ్నాయ ప్రపంచపు కథలను అభిమానులు ఏయూ అంటారు. ఎంత దూరం వెళ్లినా మంచి కథలకు ఒక క్రమశిక్షణ కనిపిస్తుంది. ఒక్కటి మార్చి, దాని ఫలితాలన్నిటినీ నిజాయితీగా భరించడం. జలపాతం దగ్గర హోమ్స్ బదులు వాట్సన్ మాయమయ్యాడనుకుందాం. మిగతా మనుషులు, స్వభావాలు, లండన్ అంతా ఉన్నది ఉన్నట్టే ఉండాలి. అప్పుడే ఆ ఒక్క మార్పు హోమ్స్ గురించి మూలం చెప్పనిది చెబుతుంది. పది మార్చితే ఏ మార్పు వల్ల ఏం జరిగిందో తెలియదు, పాత్రలు పేర్లుగానే మిగులుతాయి. ప్రత్యామ్నాయ ప్రపంచపు కథల్లో తేలిపోయేవి ఎక్కువగా ఇక్కడే తేలిపోతాయి. వృత్తి, ఊరు, కాలం మార్చొచ్చు. ఆ మనిషి దేనికి భయపడతాడో, దేనికి సిగ్గుపడతాడో మార్చకూడదు.

సొంత పాత్రను తీసుకొచ్చి తెలిసిన పాత్రల మధ్య నిలబెట్టడం ఇంకా కష్టం. 1973లో పాలా స్మిత్ అనే అభిమాని, స్టార్ ట్రెక్ అనే అమెరికన్ టీవీ సీరియల్ అభిమానులు సొంతంగా వేసుకునే ఒక పత్రికలో, అంటే ఫ్యాన్‌జీన్‌లో, చిన్న హాస్యకథ రాసింది. అందులో లెఫ్టినెంట్ మేరీ సూకు పదిహేనున్నరేళ్లు, దళంలోకెల్లా చిన్న అధికారి, అన్నీ ఆమెకే చేతనవును, అందరూ ఆమెనే మెచ్చుకుంటారు. అప్పట్లో వస్తున్న కథల మీద అది సరదా విసురు. ఆ పేరు మాత్రం తర్వాత దశాబ్దాల పాటు కొత్తగా రాసే అమ్మాయిల నోరు మూయించే ముద్రగా మారింది. ఇది అన్యాయం. తనకిష్టమైన లోకంలో తననే ఊహించుకోవడం కల్పనకు మొదటి మెట్టు. కొత్తవాళ్లు ఆ మెట్టు మీద కొంతకాలం నిలబడితే నష్టం ఏమీ లేదు. అక్కడినుంచి కదిలించేది వెక్కిరింత కాదు, ఒక ప్రశ్న: ఈ కొత్త మనిషి రావడం వల్ల మిగతావాళ్లు ఏం కోల్పోతున్నారు? జవాబు దొరికితే పాత్ర నిజమవుతుంది.

స్ఫూర్తి అంతా మూలకథ నుంచే వస్తుందనుకోవడం కూడా పొరపాటు. అదే ఖాళీని పదిమంది చూస్తారు, పదిమందీ పది కథలు రాస్తారు. ఆ తేడా వాళ్ల బతుకుల్లోంచి వస్తుంది. మంచం పట్టిన మనిషికి సేవ చేసినవాళ్లు గాయం, ఓదార్పు కథలు ఒక తీరుగా రాస్తారు. హోమ్స్ కథల్లోనే అలాంటిదానికి బీజం ఉంది. 1924 నాటి కథలో వాట్సన్‌కు తూటా తగిలినప్పుడు ఎప్పుడూ చలించని హోమ్స్ కళ్లు చెమ్మగిల్లుతాయి, పెదవులు వణుకుతాయి. అది కొన్ని వాక్యాలే. ఆ తర్వాతి రాత్రి ఎలా గడిచిందన్నది ఎవరి అనుభవంలోంచి వాళ్లు రాస్తారు. తన దుఃఖాన్ని తన పేరుతో రాయలేనివాళ్లకు ఇక్కడొక వెసులుబాటు దొరుకుతుంది. పాత్రకు ముందే ముఖం, చరిత్ర, ప్రేమించే పాఠకులు ఉంటారు. రాసేవాళ్లు తమ బరువును ఆ పాత్ర భుజాన పెట్టి, కాస్త దూరంగా నిలబడి చూడగలుగుతారు. ఫ్యాన్ ఫిక్షన్‌లో కనిపించే ఉద్వేగ తీవ్రతకు ఇది ముఖ్యమైన కారణం. చాలామంది దాన్ని అతి అని తోసేస్తారు గానీ, బాగా రాసినచోట అది మరెక్కడా చెప్పుకోలేని మాట చెప్పుకున్న తీవ్రత.

ఈ రచనకు మరో ప్రత్యేకత, ఒంటరిగా జరగకపోవడం. స్టార్ ట్రెక్ 1966లో మొదలైతే 1967కల్లా స్పాకనేలియా అనే తొలి ఫ్యాన్‌జీన్ వచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో ఇలాంటివి చేత్తో టైపు చేసి, ప్రతులు తీసి, పోస్టులో పంచినవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. ఇవాళ అదే పని తెర మీద జరుగుతోంది. అచ్చుకు ముందు చిత్తుప్రతి చదివి తప్పులు చెప్పే స్నేహితులను బీటా రీడర్లు అంటారు. మంచి బీటా అక్షరదోషాల దగ్గర ఆగరు, ‘ఇతను ఈ మాట అనడు’ అని చెబుతారు. సరిగ్గా నూరు పదాల్లో కథ ముగించాలనే డ్రాబుల్, ఒకటే విషయం అయిదుసార్లు జరిగి ఆరోసారి జరగకపోయే కథల నమూనా, ఒకరు కోరిన అంశం మీద మరొకరు రాసి కానుకగా ఇచ్చే పండగలు, ఇవన్నీ ఇక్కడి సరంజామా. పెద్దగా అభిమానులు లేని మూలాల కోసం 2003 నుంచి ఏటా యూల్‌టైడ్ అనే కానుకల మార్పిడి జరుగుతోంది. అప్పటిదాకా తట్టని కథ ఇంకొకరి కోరిక చదవగానే తట్టడం ఇందులో మామూలు. ఇలాంటి కట్టుబాట్లు ఊహను బిగించవు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని చేతికి పట్టు ఇస్తాయి.

అధ్యాయాలుగా రాసేటప్పుడు పాఠకుల వ్యాఖ్యలు కథను కదిలిస్తాయి. దానివల్ల మేలూ ఉంది, చేటూ ఉంది. ఒక చిన్న పాత్ర మీద పాఠకులకు మనసు పడిందని తెలిసి దానికి చోటు పెంచితే కొన్నిసార్లు కథ వికసిస్తుంది. అందరూ కోరారని విడిపోవాల్సినవాళ్లను కలిపేస్తే మొదటి అధ్యాయంలో వేసిన ప్రశ్నకు జవాబు లేకుండా పోతుంది. ముగింపు ముందే రాసిపెట్టుకుని, తర్వాత అధ్యాయాలు బయటపెట్టేవాళ్లు ఈ ఒత్తిడికి తట్టుకుంటారు. సగంలో ఆగిపోయిన కథలు ఈ లోకంలో ఎన్నో ఉన్నాయి. చాలావాటికి కారణం బద్ధకం కాదు, రాయించిన వెలితి మధ్యలోనే తీరిపోవడం.

లాభాపేక్ష లేని ఒక అభిమానుల సంస్థ 2007లో ఏర్పడి, 2009లో ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే భాండాగారాన్ని తెరిచింది. 2019లో దానికి సైన్స్ ఫిక్షన్ రంగంలో పేరున్న హ్యూగో అవార్డు వచ్చింది. అక్కడ కథ పైన ట్యాగులు ఉంటాయి. ఎవరెవరి కథ, ఎవరు చనిపోతారు, చివరికి సుఖాంతమేనా అన్నది చాలామంది ముందే చెప్పేస్తారు. కొత్తవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. అంతా చెప్పేశాక చదవడానికి ఏం మిగిలింది? మిగిలేది ఎలా అన్నది. వాట్సన్ హోమ్స్‌ను క్షమిస్తాడని ముందే తెలుసు. ఏ మాట దగ్గర, ఏ పనివల్ల క్షమిస్తాడో తెలియదు. చివరికి రాముడే గెలుస్తాడని తెలిసీ రాత్రంతా కూర్చుని వినే శ్రోతలకు ఇది వివరించనక్కర్లేదు. రాసేవాళ్ల మీద మాత్రం ఇది పెద్ద బాధ్యత పెడుతుంది. మలుపుతో ఆశ్చర్యపరిచే దారి మూసుకుపోతుంది గనుక ప్రతి అడుగూ నమ్మించాలి.

డబ్బు ఈ లోకంలో ఎప్పుడూ ఇబ్బందికరమే. హక్కులు మూలరచయితవి. అమ్ముకోకుండా పంచుకోవడం వల్లనే ఈ రచన చాలాచోట్ల నిలబడగలుగుతోంది. అమెజాన్ 2013లో కిండిల్ వరల్డ్స్ పేరుతో అనుమతి ఉన్న కథాప్రపంచాల్లో రాసినవాళ్లకు రాయల్టీ ఇచ్చే ఏర్పాటు చేసింది. హక్కుదారుల షరతుల లోపల రాయాలి, రెండు ప్రపంచాలను కలపకూడదు. 2018లో దాన్ని మూసేశారు. అడగకూడని ప్రశ్న అడగడానికే కలం పట్టినవాళ్లకు ముందే గీసిన గీతలు సరిపడకపోవడంలో వింత లేదు.

చాలామంది ఇక్కడ నేర్చుకుని సొంత నవలల వైపు వెళతారు. వాళ్లు వెంట తీసుకెళ్లేవి విలువైనవి: సంభాషణ, పాత్ర మనసులోకి దిగడం, పాఠకుణ్ణి తర్వాతి అధ్యాయం దాకా లాగడం. అయితే ఒకటి ఇక్కడ అలవాటు కాదు. ఫ్యాన్ ఫిక్షన్‌లో వాట్సన్ అని ఒక్క పేరు రాస్తే చాలు. అతని యుద్ధం, అతని గది, అతని విశ్వాసం పాఠకుడు వెంట తెచ్చుకుంటాడు. పేర్లు మార్చి అదే కథను నవలగా వేద్దామనుకున్నప్పుడు ఆ వెలుగంతా ఒక్కసారిగా ఆరిపోతుంది. పదిహేనో పేజీలో ఒక డాక్టరు తన స్నేహితుడి మీద మౌనంగా కోపగించుకుంటాడు, ఆ ఇద్దరూ ఎవరో తెలియని పాఠకుడు ఎందుకు పట్టించుకోవాలో తెలియక పేజీ తిప్పేస్తాడు. అందుకే పేర్లు మార్చడంతో ఆగనివాళ్లే బాగుపడతారు. మూలం తమకు ఉచితంగా ఇచ్చినవేమిటో ఒక్కొక్కటిగా గుర్తుపట్టి, వాటిని మొదటి పేజీ నుంచి తామే కట్టుకొస్తారు. ఆ స్నేహం ఎలా కుదిరిందో, ఒకరి దగ్గర ఒకరు ఏం దాచుకున్నారో, ఆ మూడేళ్లకు ముందు వాళ్లు కలిసి కూర్చున్న సాయంత్రాలు ఎలా ఉండేవో రాస్తారు. అలా రాస్తూ రాస్తూ కొన్నిటిని తామే చెప్పకుండా వదిలేయడం నేర్చుకుంటారు. తమ నవలకు వచ్చే పాఠకుల్లోనూ ఎవరో ఒకరు సరిగ్గా అక్కడ ఆగి, ఇతనికి కోపం రాలేదా అని అడుగుతారని వాళ్లకు తెలుసు.